చుక్క పడని కాగితం

నేను రాసిన కాగితాన్ని ఎవరైనా చదువుతుంటే పెన్సిల్ పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోవడం నాకు అలవాటు. చదివే మనిషి ఆగిన చోటల్లా నా దగ్గరున్న ప్రతి మీద ఒక చుక్క పెడతాను. అర్థంకాక ఆగాడా, చెవి గోక్కోవడానికి ఆగాడా అని అడగను. ఆగితే చుక్కే. చివర్లో చుక్కలు లెక్కపెడతాను. పది దాటితే కాగితం చింపేసి మొదటినుంచీ రాస్తాను. మూడో నాలుగో ఉంటే ఆ వాక్యాలు మాత్రం మారుస్తాను. ఒక్క చుక్కా పడకపోతే కాగితం ప్రెస్సుకు పోతుంది. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టుకున్నాను. ఇందులో లోపం ఉండొచ్చని చాలా ఏళ్ళపాటు నాకు తోచనే లేదు.

మాది మొఘల్‌పురా. అరవైల చివర్లో, నీళ్ళ పంపులు తయారుచేసే ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో స్టోర్ గుమాస్తాగా చేరాను. పంపు చెడిపోయింది, ఫలానా భాగం పంపండి అంటూ ఊళ్ళనుంచి వచ్చే ఉత్తరాలు ముందు నా బల్ల మీదికే వచ్చేవి. నాకు లెక్క కట్టకుండా ఉండడం చేతకాదు. ఎవరూ అడగకపోయినా, ఏ భాగం కోసం ఎన్ని ఉత్తరాలు వచ్చాయో ఒక నోటుబుక్కులో గీతలు గీసుకునేవాణ్ణి. ఏడాది గడిచాక చూస్తే ఒక తోలు వాషరు పక్కన గీతలు పేజీ దాటి వెనకవైపుకు పోయాయి. తక్కిన భాగాలన్నీ కలిపినా అన్ని గీతలు లేవు.

వాషరు నాసిరకమేమోనని ఇంజనీర్లు పరీక్షకు పంపారు. వాషరు బాగానే ఉందని తేలింది. నేను పంపు పెట్టెలో పెట్టే సూచనల కాగితం తీసి చదివాను. ఇంగ్లీషులో ఒకటే వాక్యం, నలభై మూడు మాటలు. బోల్టులు బిగించమన్నది వాక్యం మొదట్లో ఉంది. బిగించేముందు వాషరును నూనెలో నానబెట్టమన్నది చివర్లో ఉంది. చేతిలో పానా పట్టుకున్న మనిషి ముందు చదివింది ముందు చేస్తాడు. నూనె సంగతి తెలిసేసరికి బోల్టులు బిగిసిపోయి ఉంటాయి.

ఆ వాక్యాన్ని ఐదు చిన్న వాక్యాలుగా విడగొట్టి, నూనెను మొదటికి తెచ్చి, పక్కనే తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి మా పెద్దసారుకు ఇచ్చాను. స్టోర్సు, డ్రాయింగ్ సెక్షన్ రెండూ ఆయన కిందే ఉండేవి. ఆయన నవ్వి, "రాసుడు గూడ వస్తదా నీకు?" అని సంతకం పెట్టి ప్రెస్సుకు పంపించారు. మరుసటి ఏడాది ఆ వాషరు పక్కన గీతలు నాలుగే. అప్పటినుంచి కొత్త పంపు వచ్చినప్పుడల్లా దాని సూచనల కాగితం రాయడం నా పనైంది. హోదా మాత్రం స్టోర్ గుమాస్తాయే. కాగితం కింద సంతకం ఇంజనీర్లది. నాకు అందులో బాధేమీ ఉండేది కాదు. గీతలు తగ్గడమే నాకు జీతం పెరిగినట్టుండేది. మధ్యలో ప్రైవేటుగా పరీక్షలు కట్టి బి.ఏ. గట్టెక్కాను.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. ఎనభైల మొదట్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సూచనలు, మాన్యువళ్ళు రాయడానికి ప్రత్యేకంగా ఒక పోస్టు పెడుతున్నారు. దానికి టెక్నికల్ రైటింగ్‌లో పీజీ డిగ్రీ ఉండాలి. పోస్టు రెండేళ్ళ తర్వాత భర్తీ చేస్తారు. ఆలోగా డిగ్రీ తెచ్చుకుంటే నన్నూ ఇంటర్వ్యూకు పిలుస్తారు. లేకపోతే రాత పని ఆ కొత్తమనిషికి పోతుంది, నేను మళ్ళీ స్టోర్సులో రిజిస్టర్ల దగ్గరికి పోతాను.

పెద్దసారు దగ్గరికి పోయి నిలబడ్డాను.

"పన్నెండేండ్ల సంది రాస్తున్న గద సార్."

"రాస్తున్నవ్, కాదన్నదెవరు? నీ పని నేను చూసిన. ఫైలు చూడలే గద. ఫైలు డిగ్రీనే చూస్తది."

నాకు కోపం వచ్చిందని దాచను. అయితే కోపాన్ని కూడా లెక్కలోకి దించడం నా గుణం. ఆ సాయంత్రం నోటుబుక్కులో పేజీ మధ్యగా ఒక నిలువు గీత గీశాను. ఎడమవైపు డిగ్రీకి ఏమేం పోతుందో రాశాను. అబిడ్స్ వైపు ఒక కాలేజీలో ఆ చదువుకు సాయంత్రం తరగతులు జరుగుతున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండున్నర గంటలు. ఏడాదికి నలభై వారాల చొప్పున రెండేళ్ళకు నాలుగు వందల సాయంత్రాలు, వెయ్యి గంటలు. ఫ్యాక్టరీ బస్సు దింపాక ఇంటినుంచి సైకిల్ మీద నయాపూల్ దాటి పోయి రావడానికి రోజుకు తొమ్మిది కిలోమీటర్లు. మొత్తం మూడువేల ఆరు వందల కిలోమీటర్లు. నాకప్పుడు నలభై. రిటైరయ్యేది యాభై ఎనిమిదికి. మిగిలిన పద్దెనిమిదేళ్ళలో రెండేళ్ళు, అంటే తొమ్మిదో వంతు.

కుడివైపు డిగ్రీవల్ల ఏమొస్తుందో రాయాలి. పోస్టు అని రాయబోయాను. అది ఖాయం కాదు కనుక రాయలేదు. నాకు రాయడం వచ్చు, ఇంక కాలేజీవాళ్ళు ఏం నేర్పుతారు అనిపించింది. కుడివైపు ఖాళీగానే ఉంచేశాను.

మా ఆవిడ భుజం మీదుగా చూసి అడిగింది. "మూడువేల ఆర్నూరు ఏంది?"

"సైకిల్ మీద పోయొచ్చే కిలోమీటర్లు. ఢిల్లీకి పోయి మళ్ళొచ్చినంత. ఇంకా మిగుల్తది గూడ."

"ఢిల్లీకి పోతే దారిల తాజ్‌మహల్ అన్న చూడొచ్చు. నలభై ఏండ్లకు బడికి పోయి ఏం చూస్తవ్?"

"గదే రాద్దామనుకుంటున్న. తెలుస్తలేదు."

"తెల్వకుంటే పోయి చూసి రా మరి," అని ఆమె టిఫిన్ గిన్నె కడగడానికి పోయింది. ఆ రెండేళ్ళూ ఆ గిన్నెలో రెండు జొన్నరొట్టెలు పెట్టి సైకిల్‌కు తగిలించింది ఆమే.

క్లాసులో పద్నాలుగు మందిమి. పదమూడు మందికి పాతికేళ్ళు లేవు. వాళ్ళలో చాలామంది కోస్తా జిల్లాలనుంచి వచ్చి సిటీలో కుదురుకున్న ఉద్యోగస్థుల పిల్లలు, ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాళ్ళు. నన్ను మొదటిరోజు లెక్చరరనుకుని లేచి నిలబడ్డారు. అసలు లెక్చరరు వచ్చాక అందరం కలిసి ఇంకోసారి లేచి నిలబడ్డాం. ఆమె గుంటూరు వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు చిన్న. నన్ను మీరు అనేది, నేను మేడం అనేవాణ్ణి.

మొదటి పరీక్షలో నాకు క్లాసులో అందరికన్నా తక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మేడం నన్ను ఆపి నా జవాబు కాగితం ముందు పెట్టింది. ఒక సూచనల కాగితాన్ని సరిదిద్దమని ప్రశ్న. నేను సరిగ్గానే దిద్దాను. ఎందుకు దిద్దానో మాత్రం ఒక్క మాట రాయలేదు. అప్పుడు నా చుక్కల పద్ధతి ఆమెకు చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది. నాకు గర్వంగా అనిపించింది.

"చుక్క పెట్టి ఊరుకుంటారన్నమాట. అది ఎందుకు పడిందో అడగరేం?"

"అడిగితే నా మొహం చూసి మంచి మాటే చెప్తరు మేడం. పైసా పని చెయ్యదు."

"అయితే మనుషుల్ని అడక్కండి. కాగితాన్నే అడగండి."

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. పన్నెండేళ్ళలో చుక్కలు పెట్టిన ప్రతులన్నీ పెట్టెలో దాచుకున్నాను కనుక అవన్నీ తీసి ఒక్కో చుక్కనూ అడగడం మొదలుపెట్టాను. కొన్ని తెలియని మాట దగ్గర పడ్డాయి. కొన్ని ఒకే వాక్యంలో రెండు పనులు చెప్పిన చోట. కొన్ని నాకు బాగా తెలుసు కనుక చెప్పకుండా వదిలేసిన చోట. తెలియని మాట అన్నిటికన్నా పెద్ద అడ్డంకి అని నేను ఇన్నేళ్ళూ నమ్మాను. విడదీసి లెక్కపెడితే అది మూడో స్థానంలో ఉంది. ఎక్కువ చుక్కలు నేను చెప్పకుండా వదిలేసిన చోట్ల పడ్డాయి. నా లెక్క నాదే, నా చుక్కలు నావే. అయినా వాటిలో ఏముందో చదవడం నాకు చేతకాలేదని తెలిసింది. రెండో పరీక్షలో నాకు క్లాసులో మూడో స్థానం వచ్చింది. అది ఇంట్లో చెప్పాను.

రెండో ఏడాది చివర్లో ప్రతి విద్యార్థీ ఒక పని ఎంచుకుని, చేసి, దానిమీద థీసిస్ రాయాలి. సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీ కొత్తరకం సీల్ తెచ్చింది. అంతకుముందు పంపు ఇరుసు దగ్గర నీళ్ళు కారకుండా నూనెతాడు చుట్టేవారు. ఇప్పుడు తాడుకు బదులు మూడు భాగాలు: ఒక తెల్ల రింగు, ఒక నల్ల రింగు, ఒక స్ప్రింగు. ఇవి ఆ వరుసలోనే ఇరుసుకు ఎక్కించాలి. వరుస తప్పినా బోల్టులు బిగుస్తాయి, పంపు తిరుగుతుంది. కాకపోతే ఒకటి రెండు రోజుల్లో కారడం మొదలవుతుంది. తాడుకు అలవాటుపడ్డ ఫిట్టర్లకు ఇది బొత్తిగా కొత్త. అక్షరం రానివాళ్ళకు కూడా తెలిసేలా బొమ్మలతో కాగితం చేస్తానన్నాను. అదే నా థీసిస్.

బొమ్మల కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేద్దామన్నాను. ఏ లిపిలో అన్నారు. దానిమీద ఫ్యాక్టరీలో మూడు మీటింగులు జరిగాయి. తెలుగు అంకెలన్నారు ఒకరు, హిందీవి లేకపోతే పైనుంచి ఊరుకోరన్నారు ఇంకొకరు, ఉర్దూ సంగతేంటన్నారు వేరొకరు. ఇంగ్లీషు అంకెలు అందరికీ వచ్చుగదా అంటే అది మరో లొల్లి అయింది. చివరికి పెద్దసారు విసిగిపోయి, "అంకెలే వద్దు, తీసెయ్," అన్నారు. బాణం గుర్తులు వేద్దామంటే, బాణం ఉంటే ఇరుసు అటు తిప్పాలని అనుకుంటారని డ్రాయింగ్ సెక్షన్ వద్దన్నది. అలా లెక్కలవాణ్ణి అయిన నేను, అంకె లేని కాగితం తయారుచేశాను. ఒక్కో భాగానికి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి చొప్పున ఆరు బొమ్మలు ఒకే వరుసలో. సీల్ డబ్బా పొడుగ్గా సన్నగా ఉంటుంది కనుక కాగితమూ పొడవాటి పట్టీలా ఉండేది.

దాన్ని ఫ్యాక్టరీలో ఇరవైమంది చేత చేయించి చూశాను. క్యాంటీన్ మనిషి, టైపిస్టు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అందులో ఉన్నారు. ఇరవైమందిలో ఒక్కరూ ఆగలేదు. పద్నాలుగేళ్ళలో ఇరవై ప్రతుల మీద చుక్క పడకపోవడం అదే మొదటిసారి. ఆ ఇరవై ప్రతులూ తీసుకుపోయి మేడంకు చూపించాను. పెద్దసారు సంతోషించి, కాగితాన్ని అచ్చువేయించి, సిటీలోని దుకాణాలకు సీళ్ళతోపాటు పంపించారు. నేను తొంభై ఆరు పేజీల థీసిస్ టైపు చేయించాను. ఇవ్వడానికి ఇంకా పద్దెనిమిది రోజుల గడువుంది. ఆ గడువు దాటితే మళ్ళీ ఆరు నెలలకు. ఆరు నెలలంటే పోస్టు ఎవరిదో తేలిపోయి ఉంటుంది.

అప్పుడు కారుతున్న సీళ్ళు తిరిగి రావడం మొదలైంది.

తొమ్మిది రోజుల్లో పదకొండు వచ్చాయి. ఏ దుకాణంనుంచి ఏది వచ్చిందో చూస్తే సికింద్రాబాదు నుంచి రెండు, తక్కిన తొమ్మిదీ చార్మినార్ నుంచి బార్కస్ దాకా మా వైపువే. సరుకు లోపమైతే అన్నివైపులా సమానంగా రావాలి. మనుషుల పొరపాటైతే నా కాగితం మీద చుక్కలు పడి ఉండాలి. రెండూ కాదు. నాకు పాలుపోక, ఆ ఆదివారం సైకిల్ తీసుకుని బార్కస్ పోయాను.

అక్కడ పంపులు బాగుచేసే దుకాణం పెట్టుకున్న మనిషి నాకు చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళది అరబ్బు కుటుంబం. చిన్నప్పుడు మొఘల్‌పురాలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉండి మా బడిలోనే చదివాడు. నేను స్టోర్సులో చేరినప్పటినుంచి గుమాస్తా అనే అర్థంలో నన్ను మున్షీ అంటాడు.

"క్యా మున్షీ సాబ్, ఇధర్ కైకూ వచ్చినవ్? ఆదివారం గూడ లెక్కలేనా?"

"భాయ్, గీ సీల్ ఒకసారి ఎక్కియ్యి. నేను చూస్త."

"పరీక్షనా? నాకా?" అని నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు. కాగితం విప్పి గోడకు ఆనించాడు. నేను పెన్సిల్ తీశాను. అతను ఎక్కడా ఆగలేదు. బొమ్మలు చూడడం, ఒక భాగం ఎక్కించడం, మళ్ళీ బొమ్మలు చూడడం. నాలుగు నిమిషాల్లో బోల్టులు బిగించి చేతులు దులుపుకున్నాడు. నా పెన్సిల్ గాలిలోనే ఉంది. నా ప్రతి మీద ఒక్క చుక్క లేదు. పంపులో మాత్రం స్ప్రింగు ముందు, తెల్ల రింగు చివర ఉన్నాయి.

"భాయ్, స్ప్రింగు ముందు ఎందుకు ఏసినవ్?"

"ఎందుకేంది? కాగితంల గట్లనే ఉంది. దేఖో, పహ్లా ఫోటో."

మొదటిదంటూ అతను చూపించిన వేలు పట్టీ కుడిచివర బొమ్మ మీద ఉంది.

ఉర్దూ కుడినుంచి ఎడమకు చదువుతారు. మా వైపు ఫిట్టర్లలో సగంమందికి వచ్చింది ఉర్దూ ఒకటే. వాళ్ళ కళ్ళు ఏ కాగితాన్ని చూసినా కుడివైపునుంచే మొదలుపెడతాయి. ఆ మాట నాకు తెలియనిది కాదు. నాలుగో తరగతిదాకా నేను చదివింది ఉర్దూ మాధ్యమంలో. నా మొదటి అక్షరం అలిఫ్, చెక్కపలక కుడిచివర దిద్దాను. పద్నాలుగేళ్ళుగా ఉర్దూ కాగితాలు రాస్తున్నది నేనే. మాటలున్నప్పుడు గుర్తున్నది, మాటలు తీసేసి బొమ్మలు పెట్టేసరికి గుర్తులేకుండా పోయింది. నేను పరీక్షించిన ఇరవైమందీ ఫ్యాక్టరీవాళ్ళు, ఇంగ్లీషో తెలుగో చదివేవాళ్ళు.

స్నేహితుడికి సంగతి చెప్పాను. అతను పట్టీని కళ్ళకు దగ్గరగా పట్టుకుని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మనకు బడిల చెప్పిన మౌల్వీ సాబ్ ఉంటే నీ చేతుల మీద రెండు బెత్తాలు పడుతుండె."

"నీకు గూడ పడుతుండె. కారుతున్నదని చెప్పకుండ తొమ్మిది దినాలు ఊకున్నవ్."

"నాకెరుక లేదా, మున్షీ పెట్టిన కాగితం తప్పు ఉండదని?" అన్నాడు. అది ఎగతాళిగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ తొక్కుతూ ఒక్కటే ఆలోచించాను. అతను ఆగలేదు. తన దారి సరైనదని నమ్మినవాడు తప్పు దారిలోనైనా ఆగడు. నా పద్ధతి ఆగినవాళ్ళనే లెక్కపెడుతుంది. ఆగకుండా తప్పు చేసేవాళ్ళు నా లెక్కలోకి ఏనాడూ రాలేదు.

మర్నాడు పెద్దసారుకు చెప్పాను. ఆయన మంచి మనసుతోనే అన్నారు. "ఇప్పుడు ఇది బయట పెట్టకు. థీసిస్ ఇచ్చెయ్. డిగ్రీ రానీ, పోస్టు రానీ. ఆ పక్క కాగితం సంగతి తర్వాత చూద్దాం."

ఇంట్లో మా ఆవిడకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"నువ్వు చెప్పకుంటే ఎవరికన్న తెలుస్తదా?"

"తెల్వదు."

"మరింక ఏం ఫికర్?"

"పంపు కారుతది."

ఆమె చాటను పక్కన పెట్టింది. "అయితే పోయి మీ మేడంకు చెప్పు. తిట్టనీ. రెండేండ్లు రొట్టెలు చేసింది కారే పంపు కోసం కాదు."

చేతిలో తొంభై ఆరు పేజీలూ కారిన సీలూ పట్టుకుని మేడం ముందు నిలబడ్డాను. థీసిస్ వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఎందుకో చెప్పాను. ఆమె పట్టీని బల్ల మీద పరిచి తన వేలిని ముందు ఎడమచివర పెట్టింది, తర్వాత కుడిచివర పెట్టింది.

"నిజం చెప్పమంటారా? ఈ తొంభై ఆరు పేజీల్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదండి. ఇప్పుడు మీరు చెప్పింది మాత్రం నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు."

"తప్పు గద మేడం."

"తప్పే. దాన్ని తీసేయకండి. ఆ ఇరవై ప్రతులతో సహా, మీ నమ్మకంతో సహా పెట్టండి. ఎలా కనిపెట్టారో రాయండి, ఎలా సరిచేశారో రాయండి. ఎన్ని రోజులున్నాయి?"

"ఎనిమిది."

"సరిచెయ్యడం తెలిసిందా మరి?"

తెలియలేదు. అంకెలు వేద్దామంటే మళ్ళీ మూడు మీటింగులు. బాణం వద్దన్నారు. కుడినుంచి ఒక కాగితం, ఎడమనుంచి ఒక కాగితం అచ్చువేస్తే, ఏ డబ్బాలో ఏది పెట్టాలో డబ్బా నింపేవాడికి ఎలా తెలుస్తుంది? రెండు రోజులు ఇదే గుంజాటన. మూడోరోజు కాలేజీకి పోతూ చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు ఆటోలకు దారివ్వడానికి సైకిల్ దిగి నిలబడ్డాను. ఎదురుగా ఒక దుకాణం బోర్డు. పైన ఉర్దూ, దానికింద తెలుగు, దానికింద ఇంగ్లీషు. పుట్టినప్పటినుంచి చూస్తున్న బోర్డులే. ఉర్దూ వరుస కుడినుంచి పోతుంది, మిగతా రెండూ ఎడమనుంచి పోతాయి. అయితే ఏ లిపిలోనైనా పై వరుస అయిపోయాకే కింది వరుస. ఆ సంగతిలో మూడింటికీ పేచీ లేదు.

ఆ సాయంత్రం క్లాసుకు పోలేదు. నాలుగు వందల సాయంత్రాల్లో నేను ఎగ్గొట్టింది అదొక్కటే. ఇంటికి వచ్చి, కత్తెరతో పట్టీని ఆరు ముక్కలు చేసి, ఒకదానికింద ఒకటి అంటించాను. కొత్త బొమ్మ ఒక్కటీ గీయాల్సిన పని లేదు. డబ్బా కూడా మార్చక్కర్లేదు. అడ్డంగా ఉన్న పట్టీ నిలువుగా అయింది, అంతే.

దాంతో బార్కస్ పోయాను. స్నేహితుడు చుట్టుపక్కల దుకాణాలనుంచి ఐదుగురు ఫిట్టర్లను పిలిపించాడు. ఇద్దరికి ఉర్దూ వచ్చు, ఇద్దరికి తెలుగు, ఒకతనికి ఏ అక్షరమూ రాదు. ఈసారి నా ప్రతి మీద రెండు గుర్తులు. ఆగిన చోట చుక్క, మొట్టమొదట కన్ను గానీ వేలు గానీ పోయిన చోట చిన్న సున్నా. ఐదు సున్నాలూ పైబొమ్మ మీదే పడ్డాయి. ఐదు సీళ్ళూ సరిగ్గా కూర్చున్నాయి. ఆరోవాడు నా స్నేహితుడు. అతనూ పైనుంచే మొదలుపెట్టాడు. నాలుగో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎదురు హోటల్‌నుంచి చాయ్ వచ్చింది. పానా కింద పెట్టి సాసర్‌లో పోసుకుని తాగాడు. నేను చుక్క పెట్టాను.

"గిది గూడ చుక్కనేనా మున్షీ?"

"ఆగితే చుక్కే భాయ్."

"అరే, చాయ్ కా భీ హిసాబ్! చాయ్ తాగినా లెక్కనే," అని మిగతావాళ్ళకు చూపించి నవ్వాడు.

గడువుకు ఒకరోజు ముందు థీసిస్ ఇచ్చాను. తొంభై ఆరు పేజీలు కాస్తా నూట ఎనిమిదయ్యాయి. చాయ్ చుక్కతో సహా అందులో అన్నీ ఉన్నాయి. డిగ్రీ వచ్చింది. మొదటి తరగతి. కన్నవాళ్ళు ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

పోస్టు ఇంటర్వ్యూకు నలుగురం పోయాం. మిగతా ముగ్గురూ నాకన్నా చిన్న, నాకన్నా ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. పెద్దసారు ఒకరు. మధ్యలో కూర్చున్న బయటినుంచి వచ్చిన ఆయన నా థీసిస్ తిరగేస్తూ, ముందు ఆ చుక్క సంగతి అడిగారు. చాయ్ అని చెప్పాను. ముగ్గురూ నవ్వారు. తర్వాత ఆయన పుస్తకం మూసి నేరుగా నన్ను చూశారు. పన్నెండేళ్ళు డిగ్రీ లేకుండా ఇదే పని బాగానే చేశారుగదా, డిగ్రీవల్ల మీకు కొత్తగా వచ్చిందేమిటి అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సిన చోటు నా నోటుబుక్కులో కుడివైపు ఖాళీగా ఉందని రెండేళ్ళుగా నాకు గుర్తుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టాను, మధ్యలో తెలుగులోకి వచ్చేశాను.

"మనుషులు ఎక్కడ ఆగుతున్నరో నేను సొంతంగ లెక్కపెట్టుకున్న సార్. ఆగకుంట తప్పు చేసేటోళ్ళను ఎట్ల లెక్కపెట్టాలో కాలేజీల నేర్చుకున్న. మా సొంత గల్లీలవాళ్ళే నా లెక్కల లేరని గప్పుడు తెలిసింది."

ఆయన ఏదో రాసుకున్నారు. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన మొహంలో ఉన్నది సంతోషమని నాకు తర్వాత తెలిసింది.

పోస్టు నాకే వచ్చింది. నిలువు పట్టీ మళ్ళీ అచ్చయినప్పుడు అడుగున చిన్న అక్షరాల్లో, తయారుచేసినవారు అన్నచోట మొదటిసారి నా పేరు పడింది. ఆ ఏడాది మా వైపునుంచి తిరిగొచ్చిన సీళ్ళు రెండు. ఆ రెండింటిలో సరుకుదే లోపం, విప్పి చూశాను.

అచ్చయిన మొదటి ప్రతిని ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. పంపు లోపల ఏముంటుందో, సీల్ ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూడలేదు. కొంగుకు చేయి తుడుచుకుని కాగితం అందుకుంది.

"ఢిల్లీకి పోయొచ్చినంత తొక్కితివి. గిదేనా తాజ్‌మహల్?"

"గిదే."

ఆమె పట్టీని వెలుతురుకు పట్టుకుని వేలు పెట్టింది. పైబొమ్మ మీద. అక్కడినుంచి ఒక్కో బొమ్మా దాటుకుంటూ కిందిదాకా వచ్చింది. చివర నా పేరు దగ్గర వేలు నిలిచిపోయింది.

నా చేయి దానంతటదే జేబులో పెన్సిల్ కోసం పోయింది.

"ఏందది? నా మీద గూడ చుక్కనా?"

"ఆగితివి గద."